ముందుగా వెళ్ళొచ్చే చెప్పులు

కువైట్‌లోని జాబ్రియాలో ఫరీదా మామా ఇంట్లో మధ్యాహ్నం రెండు దాటాక గడియారం తప్ప ఇంకెవరూ పనిచేయరు. అన్నం గిన్నెలు కడిగి బోర్లించేస్తారు. ఏసీలు గుర్రు పెడుతుంటాయి. మామా, అంటే అక్కడి మాటలో ఇంటి యజమానురాలు, మోకాళ్ళకు నూనె పట్టించుకుని మంచమెక్కుతుంది. డ్రైవర్ సత్యనారాయణ గేటు పక్క గదిలో మొహం మీద తువ్వాలు కప్పుకుంటాడు. వంటపని, ఇంటిపని, మామా పని మొత్తం చూసుకునే చిన్నక్క కూడా వంటింటి పక్క గదిలో నడుం వాలుస్తుంది. సరిగ్గా అప్పుడే, వెనక తలుపు దగ్గర విడిచిన ఆమె హవాయి చెప్పులు బయల్దేరతాయి.

నీలం పట్టీల చెప్పులవి. పదకొండేళ్ళ కిందట కువైట్ విమానం ఎక్కబోయే ముందు రాయచోటి బస్టాండు ఎదురుగా చిన్నక్క కొన్నవి. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి నడిపిస్తోంది. చిన్నక్క రేపో మాపో ఎక్కడికి పోవాలో అక్కడికి అవి ముందుగా పోయి చూసొస్తాయి. పొద్దు వాలేవేళ అసర్ నమాజు పిలుపు వినపడే లోపల మళ్ళీ తలుపు దగ్గరుంటాయి. వాటికి గ్రీజు అంటుకుని వచ్చిందంటే మామా కారు బాగుచేయించడానికి సబ్హాన్ షెడ్డుకు వెళ్ళాలి, సంచులు మోయడానికి చిన్నక్క తోడు. ఫినాయిలు వాసన వస్తే మోకాళ్ళ డాక్టరు. పొలుసులు అంటుకొస్తే షర్క్‌లో చేపల మార్కెట్టు. ఆ పొలుసులు కూడా మర్నాడు కొనబోయే చేపవే. ఒకసారి మచ్చల పొలుసులొస్తే మామా చూసి, "రేపు హమూర్ దొరుకుతుంది, మసాలా నూరి పెట్టు" అని చెప్పేసింది. దొరికింది కూడా.

ఇందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. వెనక తలుపు వారగా తీసి ఉంచమని మామా హుకుం, అంతే. మూసి ఉంటే అవి తలుపు గీరి రంగు పాడుచేస్తున్నాయట.

ఈ భూమ్మీద చిన్నక్క నమ్మేది ఆ చెప్పుల్ని ఒక్కటే. పాలపాకెట్టు మీద తేదీ చూస్తుంది, అయినా రెండుసార్లు వాసన చూస్తుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం పనిబడిందో అనుకుంటుంది. పలకరించకపోతే ఏం దాస్తున్నారో అనుకుంటుంది. సత్యనారాయణ కోనసీమ మనిషి. ప్రతి మాటకీ అండీ తగిలించే ఆ మర్యాద వెనక ఏదో ఉందని ఆరేళ్ళుగా వెతుకుతోంది. ఇంకా దొరకలేదు.

మే నెలలో ఒక ఆదివారం మామా పిలిచి, "నీ ఫోటోలు కావాలి. తెల్ల బట్ట ముందు కూర్చుని తీయించుకో. ఇటలీ వీసాకి" అంది.

"ఇటలీ ఏంది మామా?"

"ఓడ. ఏడు రోజులు. ఒక్కో రోజు ఒక్కో ఊరు. నా కూతురు టికెట్లు తీసింది, నీకూ నాకూ. జులై మొదటి వారం. నా కుర్చీ తోసేదెవరు మరి?"

ఇంకో మనిషైతే ఎగిరి గంతేసేది. చిన్నక్క మాత్రం వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. ఆమె కూతురు చంద్రికకు నెలలు నిండేది జూన్ ఆఖరుకి. తొలి కాన్పు. ఏడో నెలలో ఒడిబియ్యం పోసి పుట్టింటికి తెచ్చుకున్నారు. పుట్టిల్లయితే ఉంది గానీ అందులో అమ్మ లేదు. అమ్మ జాబ్రియాలో గిన్నెలు కడుగుతోంది. ఇంట్లో ఉన్నది నాన్న నరసింహులు. గొర్రెలకు కాన్పు చేయడంలో ఆయనంతటివాడు చుట్టుపక్కల లేడు గానీ, కూతురు నడుం నొప్పంటే బయటికిపోయి వేపచెట్టు చుట్టూ తిరుగుతున్నాడట. "అమ్మా, నువ్వొస్తావా, రావా? ఒక మాట జెప్పు" అని చంద్రిక ఫోనులో అడగని రోజు లేదు.

మరి మామాకు చెప్పొచ్చు కదా అంటారు. చెప్పదు. పక్కింట్లో వంటచేసే కడప హసన్‌బీ ఏడాది కిందట ఇలాగే కూతురి కాన్పుకని చెప్పింది. వాళ్ళ మామా అత్తరు సీసా ఇచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, రానూ పోనూ టికెట్టు చేతిలో పెట్టి సాగనంపింది. హసన్‌బీ ఊళ్ళో ఉండగా ఇక్కడ ఆ మామానే ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే పర్మిట్టు, కాన్సిల్ చేయించి కొత్తమనిషిని తెచ్చుకుంది. హసన్‌బీ తిరుగు టికెట్టు ఇంకా కడపలో బీరువాలోనే ఉంది. అందుకని చిన్నక్క ఫోటోలు తీయించుకుంది, నోరు కుట్టేసుకుంది, రోజుకోసారి చెప్పుల వైపు చూడటం మొదలుపెట్టింది.

తర్వాతి వారం సోమవారం పొద్దున సత్యనారాయణ షర్క్‌లోని ట్రావెల్ ఆఫీసు నుంచి రంగురంగుల పుస్తకం ఒకటి తెచ్చాడు. ఓడ ఆగిన ప్రతి రేవులో దిగి ఏం చూడాలో ముందే ఎంచుకుని చెప్పాలట. మిగతా రేవులన్నిట్లో మామా షాపింగ్ అనేసింది. నేపుల్స్ అనే రేవు దగ్గర మాత్రం తేలలేదు. గురువారం లోగా తేల్చాలి. సత్యనారాయణ ఆ పుస్తకాన్ని మామాకు ఇచ్చే ముందు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, చిన్నక్క టీ పెడుతుంటే చదివి వినిపించాడు.

"ఆయ్, వినండి చిన్నక్క గారూ. పొద్దున్నే ఏడింటికి ఓడ ఆగుద్దండి. సాయంత్రం ఆరింటికి కదిలిపోద్దండి. ఈలోగా చూసి వచ్చేయాలి. నాలుగున్నాయండి. మొదటిది అగ్గికొండ."

"కొండలో అగ్గేందప్పా?"

"కొండ నోట్లోంచి వస్తదండి. ఇప్పుడు నిద్దరోతుందంట."

"నిద్దరబోతాండాదని ఎవురు జెప్పినారు? దొంగనిద్దర కాదని గ్యారంటీ ఏంది?"

"అది రాయలేదండి. రెండోది, ఈ కొండే ఒకప్పుడు బూడిద కుమ్మరించి పూడ్చేసిన ఊరు. జనం ఎక్కడోళ్ళక్కడ అలాగే ఉండిపోయారంట పాపం."

"సచ్చినోళ్ళ ఊర్లో బతికినోళ్ళకు ఏం పని? ఇంగోటి జెప్పు."

"మూడోది దీవండి, మోటారు పడవ మీద పోవాలి. నాలుగోది నిమ్మతోట. కాయలు చూడండి, కొబ్బరికాయంత ఉన్నాయని గొప్పలు పోతున్నారు. మా కోనసీమ పంపరపనసల ముందు ఇవి గోళీకాయలండి." పేజీ తిప్పి గొంతు తగ్గించాడు. "అడుగున ఇంకో ముక్కుందండి. చెప్పిన టైముకి ఎవరైనా రాకపోతే ఓడ ఆగదు. దిగబడిపోయినోళ్ళు సొంత ఖర్చులతో వాళ్ళ దారి వాళ్ళు చూసుకోవాలి."

చిన్నక్క చేతిలో టీ గరిటె ఆగింది. "ఈ ముక్క మామా చూసినాదా?"

"పుస్తకం ఇంకా ఇవ్వలేదు కదండీ. ఆఫీసోడు ఫోనులో చదివి చెప్పాడంట. అది విని మామా, ఆ ముక్క కింద గీత గీసి పెట్టమన్నారండి. ఇదిగో, గీసింది నేనే."

ఎర్ర ఇంకుతో గీత. చిన్నక్క ఆ గీత వైపు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎక్కడైనా తన పేరు కనపడుతుందేమోనని.

ఆ పూటే మామా ఇద్దర్నీ హాల్లోకి పిలిచింది. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, జడ్జిలాగా ప్రశ్నలు వేసింది.

"సత్యా, ఈ దీవి చుట్టూ నీళ్ళేనా?"

"దీవి కదా మామా."

"ఎంత లోతు?"

"మనం మునిగేంత మామా."

"అక్కడ పడవలు ఎవరికైనా ఇస్తారా? డబ్బులిస్తే?"

"ఎందుకివ్వరు మామా? మా ఊళ్ళో పంటు ఎక్కితే గేదెల్ని కూడా అవతలి ఒడ్డుకి దించేస్తారు."

మామా పెదవి విరిచి దీవి పేజీ మడిచేసింది. "ఈ తోటకి గోడ ఉందా?"

సత్యనారాయణ బొమ్మలోకి వంగి చూశాడు. "ఉందండి. రెండు నిలువుల ఎత్తు. చుట్టూ."

"గేట్లు?"

"ఒకటే కనపడతంది."

మామా ఓరకంట చిన్నక్క వైపు చూసి, మళ్ళీ పుస్తకంలోకి తల దించింది. ఆ ఓరచూపు చాలు చిన్నక్కకి. వంటింట్లోకి రాగానే సత్యనారాయణ చొక్కా పట్టుకుంది.

"నన్ను ఆ ఊర్లో ఇడిసిపెట్టి రావాలని చూస్తాండాది కదా ఆయమ్మ? నిజం జెప్పు. నీకు తెలుసు."

"అయ్యబాబోయ్, తిరగేసి చూస్తున్నారండి మీరు. ఆవిడ భయం వేరే." వెనక్కి చూసుకుని చెప్పాడు. "ఆవిడ ఫ్రెండొకావిడ పోయినేడు పనమ్మాయిని ఆ దేశం తీసుకెళ్ళిందంట. ఆ పిల్ల బాత్రూముకని వెళ్ళింది. ఏప్రన్ ఒక్కటే తలుపుకి వేలాడతా కనపడిందంట. మీరూ అలా పరారైపోతారని ఈవిడ బెంగండి. ఎక్కణ్ణుంచి పారిపోవడం కష్టమో అక్కడికే తీసుకెళ్దామని చూస్తున్నారు."

చిన్నక్క గిన్నె ఎత్తి సింకులో కుదేసింది. "నేనా? పదకొండేండ్లు ఆ మోకాళ్ళకు నూనె పూసినదాన్ని నేను పారిపోతానా? ఎంత అనుమానం మనిషప్పా!"

"అవునండి. కొంతమంది అంతేనండి" అన్నాడు సత్యనారాయణ, మొహంలో ఏ భావమూ లేకుండా.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నామీద ఒక కన్నేసి పెట్టమని నీకు జెప్పిందా?"

"ఆయ్... టీ పొంగిపోద్దండి, చూసుకోండి" అంటూ అతను బయటపడ్డాడు.

ఆ మధ్యాహ్నం మామాకొక ఉపాయం తట్టింది. నాలుగు పేజీల్లో దేని మీద పెడితే చెప్పులు అక్కడికి పోయొస్తాయి, ఏది బాగుందో వాటినే అడుగుదామని. ముందుగా దీవి. మడత విప్పింది గానీ, పడవల సంగతి మనసులో నలుగుతూనే ఉంది.

"అచ్చు కాయితం మీద చెప్పులా!" చిన్నక్క రెండు అడుగులు వెనక్కి వేసింది. "వద్దు మామా, పాపం తగుల్తాది. సదువు అది."

"ఇది చదువు కాదు, ప్రకటన. పెట్టు."

పెట్టింది. కళ్ళు మూసుకుని, లెంపలేసుకుని, పెట్టింది. అసర్ పిలుపుకు లేచి చూస్తే చెప్పులు వచ్చేసి ఉన్నాయి. ఉప్పునీళ్ళు లేవు, ఇసుకా లేదు. నిండా ఎర్రమట్టి.

సత్యనారాయణ చిటికెడు తీసి నలిపి చూశాడు. "కువైట్లో ఈ రంగు లేదండి. దీవిలో ఉంటదేమో."

చిన్నక్క మాత్రం ఒక్క చూపులో పోల్చుకుంది. తన ఇంటి వెనక చేను మట్టి అది, తొలివాన పడ్డాక. చెప్పులు అబద్ధమాడవు. అంటే తను పోబోయేది ఇంటికి. తను అడగకుండా ఎట్లా పోతుంది? పంపించేస్తేనే కదా. ఖలాస్ అని సామాను సర్దించి, హసన్‌బీని పంపినట్టే.

"ఇది ఎక్కడి మట్టి?" మామా కళ్ళజోడు సర్దుకుంది.

"ఏమో మామా."

ఆ "ఏమో"ని మామా రాత్రి భోజనం దాకా నమిలింది.

మంగళవారం అగ్గికొండ పేజీ. మామా వెళ్ళి పడుకోగానే చిన్నక్క గుండె ఒప్పుకోలేదు. నిన్నటి పాపమే ఇంకా తీరలేదాయె. మెల్లిగా చెప్పుల కింద నుంచి పుస్తకం లాగి, కళ్ళకద్దుకుని, తన దిండు కింద పెట్టుకుని పడుకుంది. లేచేసరికి మామా తలుపు దగ్గర నిలబడి ఉంది, కర్ర ఆనుకుని. కింద చెప్పులు. వాటి మీద ఎర్రమట్టి. పట్టీకి ఇరుక్కుని ఒక వేరుశనక్కాయ డొల్ల. పుస్తకం లేదు.

"ముట్టుకున్నావు."

"అచ్చు కాయితం మామా, అందుకని..."

"మట్టి ఎక్కడ దాచావు? పూలకుండీలోనా? ఈ శనక్కాయ ఎక్కడిది? నా వంటింట్లో జీడిపప్పు తప్ప శనక్కాయలు లేవు." మామా గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. "నువ్వు ఇటలీ రాకూడదనుకుంటున్నావు. లేదా వచ్చాక నాతో తిరిగి రాకూడదనుకుంటున్నావు. రెండిట్లో ఏది?"

చిన్నక్క నేలకేసి చూసింది. మూడోది ఒకటుంది. అది చెబితే హసన్‌బీ గతి. చెప్పకపోతే దొంగ.

బుధవారం మామా తన గదిలో ఇనప్పెట్టె తెరిచింది. మనిషెత్తు బీరువా అది. అందులో బంగారం, ఇంటి కాగితాలు, సత్యనారాయణ పాస్‌పోర్టు, చిన్నక్క పాస్‌పోర్టు ఉంటాయి. సత్యనారాయణ చెప్పుల్ని సబ్బుతో తోమి, ఎండలో ఆరబెట్టి తెచ్చాడు. కింద అరలో పుస్తకం తెరిచి, నిమ్మతోట పేజీ మీద చెప్పులు పెట్టింది మామా. పై అరలో పాస్‌పోర్టులు. తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది.

"ఇప్పుడు మనం ముగ్గురం ఇక్కడే ఉంటాం" అంది.

"మనం చూస్తా ఉంటే అవి కదలవు మామా" అన్నాడు సత్యనారాయణ. "అందరూ నిద్దరపోవాలి."

"అయితే నిద్రపోదాం."

అలా ఫరీదా మామా మంచం మీద, చిన్నక్క కింద తివాచీ మీద, సత్యనారాయణ గుమ్మం అవతల గోడకు జారబడి, ముగ్గురూ నిద్రకు ఉపక్రమించారు. ఒకళ్ళ మీద ఒకళ్ళకు నమ్మకం లేని ముగ్గురు కలిసి నిద్రపోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మామా గురక పెట్టింది, మరీ అందంగా పెట్టింది. చిన్నక్క ఒక కన్ను తెరిచింది. మామా కన్ను ఒకటి తెరిచే ఉంది. ఇద్దరూ గబుక్కున మూసుకున్నారు. గుమ్మం అవతల నుంచి, "అగ్గికొండలు రెండూ దొంగనిద్దరోతున్నాయండి" అని వినపడింది.

"సత్యా, నోరు ముయ్యి" అంది మామా కళ్ళు మూసుకునే.

ఏసీ చల్లగా వీచింది. తివాచీ మెత్తగా ఉంది. అనుమానం ఎంత గట్టిదైనా మే నెల మధ్యాహ్నపు నిద్ర ముందు ఎంతసేపు నిలుస్తుంది? అసర్ పిలుపు చెవిన పడి ముగ్గురూ ఒకేసారి ఉలిక్కిపడి లేచారు. మామా మెడ తడుముకుంది. తాళంచెవి ఉంది. బీరువా తాళం వేసినట్టే ఉంది.

తెరిచింది.

కింద అరలో నిమ్మతోట పేజీ మచ్చ లేకుండా ఉంది. చెప్పులు అక్కడ లేవు. పై అరలో ఉన్నాయి, చిన్నక్క పాస్‌పోర్టు మీద నిలబడి. అట్టమీద రెండు చెప్పుల ముద్రలు, తడి ఆరని ఎర్రమట్టితో. అచ్చు కాగితం సంగతి గుర్తొచ్చి చిన్నక్క చేతులు లెంపల మీదికి పోయాయి.

కుడి చెప్పు పట్టీకి ఏదో చుట్టుకుని ఉంది. మామా మెల్లగా విప్పింది. పాతచీర చింపిన గుడ్డముక్క, అరిచేయంత, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. అంచున పసుపు మరక. దాన్ని మామా ముక్కు దగ్గర పెట్టుకుంది. సాంబ్రాణి పొగ, నలుగుపిండి, వాటి కింద ఇంకో వాసన. ఆరుగురిని కని పెంచిన ముక్కు అది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్ని రోజుల బిడ్డ?" అంది.

"ఇంగా పుట్టల్యా మామా." అంది చిన్నక్క. "చంద్రికకు. జూన్ ఆఖరుకు. తొలి కాన్పు. తల్లి దగ్గరుండి చెయ్యాల మాలో."

"నాకెందుకు చెప్పలేదు? లేష్?"

"హసన్‌బీ చెప్పింది కదా మామా వాళ్ళ మామాకు."

పక్కింటి సంగతి మామాకూ తెలుసు. ఆ కొత్త పనిమనిషి చేతి టీ కూడా తాగొచ్చింది.

"నేను పక్కింటి దాన్నా?" అంది మామా.

"నేను మాత్రం ఆ ఏప్రన్ ఇడిసిపెట్టి పొయిన పిల్లనా మామా?"

గుమ్మం దగ్గర సత్యనారాయణ గోడకున్న గడియారం వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. మామా పాస్‌పోర్టు మీద మట్టి తుడవబోయి, ఏమనుకుందో, ఆగిపోయింది. ముద్రలు చెరగకుండా అంచులు పట్టుకుని చిన్నక్క చేతిలో పెట్టింది. పదకొండేళ్ళలో ఆ పుస్తకం చిన్నక్క చేతికి రావడం అది మూడోసారి.

"తాళం వేసిన పెట్టెలోంచి పోయొచ్చాయి. వాటితో నేను వాదించను. యల్లా, రెండు నెలలు" అంది. తర్వాత వేలెత్తింది. "టైముకి రాకపోతే ఓడ ఆగదు. ఎర్ర గీత గుర్తుందిగా?"

"మరి ఇటలీ మామా? నీ కుర్చీ ఎవురు తోస్తారు?"

"అది నా తలనొప్పి" అని మామా బీరువా మూసేసింది. నిమ్మతోట పేజీ మీద పుస్తకం అలా తెరిచే ఉంది లోపల.

అక్కడితో కథ సుఖాంతం అయ్యుండేదే, చిన్నక్క ఇంకెవరైనా అయ్యుంటే. ఎయిర్‌పోర్టుకు పోతున్నంతసేపూ టికెట్టు తిప్పి తిప్పి చూసింది. రానూ పోనూ ఉంది. హసన్‌బీకి కూడా అలాగే ఉండింది కదా. మామా అత్తరు సీసా ఇచ్చింది. హసన్‌బీకి కూడా అత్తరే కదా. "నా కొడకా, నిజం జెప్పు సత్తెనారాయణా. ఇటలీకి కొత్తమనిషిని మాట్లాడినారా?"

"నాకేం తెలుసండీ? డ్రైవర్ని. రోడ్డు తప్ప ఏదీ చూడను" అన్నాడు, రోడ్డు వదిలేసి అద్దంలో ఆమెను చూస్తూ.

చంద్రికకు జూన్ ఇరవై ఎనిమిదిన ఆడపిల్ల పుట్టింది. చిన్నక్క దగ్గరే ఉంది. రోజూ పొద్దున కాళ్ళు చాపి కూర్చుని, మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని, నలుగుపెట్టి నీళ్ళు పోసేది, సాంబ్రాణి పొగ వేసేది. పాతచీర చింపి పొత్తిగుడ్డలు చేసేటప్పుడు ఒక ముక్క లెక్కకు తక్కువైంది. అదెక్కడుందో తెలుసు గనక వెతకలేదు. నరసింహులు వేపచెట్టు చుట్టూ తిరగడం మానేసి గొర్రెల దగ్గరికి పోయాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, చెప్పులు తప్ప. గుమ్మం దగ్గర విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం చూసినా అంతే, సాయంత్రం చూసినా అంతే. ఒక వారం, రెండు వారాలు. అవి కదలడం లేదంటే తను ఎక్కడికీ పోవడం లేదని కదా అర్థం. పిన్నీసు సరిచేసింది, కడిగి ఎండబెట్టింది, వాకిలికి ఎదురుగా తిప్పి పెట్టింది. ఊహూ.

ఓడ బయల్దేరాల్సిన తేదీ వచ్చింది, పోయింది. ఫోను చేస్తే మామా బిడ్డ బరువు అడిగింది, పాలు సరిపోతున్నాయా అని అడిగింది. ఇటలీ మాట ఎత్తగానే ఫోను సత్యనారాయణకు ఇచ్చేసింది. వెనక ఎవరో ఆడమనిషి గొంతు.

"ఎవురది?"

"టీవీ అండి."

"టీవీ వంటింట్లో ఉల్లిగడ్డలు ఎందుకు అడుగుతాండాది?"

"వంటల ప్రోగ్రామండి" అని అతను పెట్టేశాడు.

ఖలాస్ అనుకుంది చిన్నక్క. ఆ పూట పాలు మూడుసార్లు వాసన చూసింది.

జులై నెల చివర్లో ఒక మధ్యాహ్నం. బిడ్డను పడుకోబెట్టి చంద్రిక పడుకుంది, పక్కనే చిన్నక్క కూడా. ఉయ్యాల కిర్రుమనడంతో మెలకువొచ్చింది. అలవాటుగా గుమ్మం వైపు చూసింది.

చెప్పులు చెదిరి ఉన్నాయి. ఎడమది పిండి జల్లినట్టు తెల్లటి సన్నదుమ్ముతో నిండిపోయింది. వేలితో తీసి చూడక్కర్లేదు. పదకొండేళ్ళు ఆ దుమ్మునే కిటికీల మీద తుడిచింది. జాబ్రియా.

కుడిది తడిసి నీళ్ళు కారుతోంది. రెండు చెప్పులు రెండు చోట్లకు పోవడం ఇదే మొదలు. చిన్నక్క వేలు తడిపి నాలుకకు రాసుకుంది. ఉప్పు. పట్టీ కింద ఒక ఆకు ఇరుక్కుని ఉంది. ముదురాకుపచ్చ, బాగా వెడల్పు. నలిపేసరికి ఇల్లంతా నిమ్మవాసన.

నరసింహులు లోపలికొచ్చాడు. "ఏంది, నిమ్మాకా? మన ఊర్లో ఇంత పెద్దాకు యాడిది?"

చిన్నక్క ఫోను తీసి సత్యనారాయణకు చేసింది. "ఓడ పోల్యా కదా? నిజం జెప్పు."

అవతల గొంతు తగ్గింది. "మీకెలా తెల్సండి? చెప్తే నన్ను పనిలోంచి తీసేస్తానన్నారు మామా. తేదీ మార్పించేశారండి, అక్టోబరుకి. వంటింట్లో ఉన్నది మామా చెల్లెలి గారి పనమ్మాయి జ్యోతిలక్ష్మి అండి. మీరొచ్చేదాకా ఉండి వెళ్ళిపోద్ది. ఆ పిల్ల చేతి కూర తినలేక చస్తున్నామండి."

"మరి నాకెందుకు జెప్పల్యా?"

"ఓడ ఆగిందని తెలిస్తే మీరు టైముకి రారంటండి."

చిన్నక్క ఫోను పెట్టేసింది. ఆకు మళ్ళీ వాసన చూసింది. అగ్గికొండ కాదు, సచ్చినోళ్ళ ఊరు కాదు, పడవలుండే దీవి అసలే కాదు. రెండు నిలువుల ఎత్తు గోడ, ఒకటే గేటు. ముసల్ది ఏరి ఏరి ఆ తోటనే పెట్టింది.

మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, ఆ ఆకు దాని ముక్కు ముందు ఆడించింది.

"సూడు, ఆయమ్మ ఇంగా నన్ను నమ్మల్యా" అంది నవ్వుతూ. "ఆ గేటుకాడ తన కుర్చీ అడ్డం ఏసుకుని కూసుంటాది. కావాలంటే సూడు."